ఇఫ్ కండిషన్లు తేలాలంటే ముందు తెలుగు వాక్యం చివర చూడండి

మీరు అడిగింది ఇదీ: "జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ కండిషనల్ రూల్స్ అన్నీ నోటికొచ్చు. ఖాళీలు పూరించమంటే పూరిస్తాను. కానీ మాట్లాడేటప్పుడు 'నువ్వు చెప్తే వచ్చేవాణ్ణి' లాంటి మామూలు మాటకి ఏ కండిషనల్ వాడాలో తోచదు. బ్యాంకు పరీక్షల్లో ఎర్రర్ స్పాటింగ్‌లోనూ (వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో) ఇక్కడే మార్కులు పోతున్నాయి. దీన్ని ఎలా చదవాలి?"

డిగ్రీ పిల్లలకీ, పోటీ పరీక్షలకి చదివేవాళ్లకీ చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెప్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీకు రూల్స్ వచ్చు, ఆ విషయంలో బెంగ అక్కర్లేదు. చిక్కంతా ఆ రూల్స్ ఇంగ్లీషు వైపు నుంచి మొదలవడంలో ఉంది. "ఇఫ్ తర్వాత పాస్ట్ సింపుల్ వస్తే రెండో భాగంలో వుడ్" అని గైడు చెప్తుంది. మీకు ఆలోచన పుట్టేదేమో తెలుగులో. తలలో ఉన్న తెలుగు వాక్యాన్ని ఏ రకంలో వేసుకోవాలో ఎవరూ చెప్పరు. అందుకని మనం తెలుగు వైపు నుంచి వద్దాం.

బడిలో తెలుగు వ్యాకరణంలో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని అసమాపక క్రియలు, అంటే వాక్యాన్ని ముగించని క్రియలు, చదివే ఉంటారు. "వస్తే, చదివితే, ఉంటే" అనేవి చేదర్థకాలు. "వస్తే" అన్న మాటని ఒక్కసారి విడిగా పెట్టుకుని చూడండి. వచ్చేది నేనా, మీరా, వాళ్లా? నిన్నటి సంగతా, రేపటి సంగతా? వచ్చే అవకాశం ఉందా, లేదా? అందులో ఏదీ తెలియదు. ఆ బరువంతా వాక్యం చివర ఉన్న సమాపక క్రియ మోస్తుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ఇఫ్ ఉన్న భాగంలోనూ, లేని భాగంలోనూ పూర్తి క్రియ ఉండాల్సిందే, రెంటికీ టెన్స్ పెట్టాల్సిందే. మనం "-తే" దగ్గర ఆగిపోయి ఇంగ్లీషు టెన్స్ కోసం వెతుకుతాం. అక్కడ ఉంటేగా దొరకడానికి!

ఈ రెండు వాక్యాలు చూడండి.

వర్షం వస్తే మ్యాచ్ ఆగిపోతుంది.
వర్షం వస్తే మ్యాచ్ ఆగిపోయేది.

మొదటి సగం అక్షరం తేడా లేదు. కానీ మొదటి వాక్యం చెప్పేవాడు ఆకాశం వైపు చూస్తున్నాడు, వర్షం రావచ్చు, రాకపోవచ్చు. రెండో వాక్యం చెప్పేవాడికి వర్షం రాలేదని తెలుసు, మ్యాచ్ ఆగలేదనీ తెలుసు. ఈ తేడా మొత్తం "ఆగిపోతుంది", "ఆగిపోయేది" అన్న చివరి క్రియల్లో ఉంది. ఇంగ్లీషులో మొదటిది "ఇఫ్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ బి స్టాప్డ్", రెండోది "ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్, ద మ్యాచ్ వుడ్ హ్యావ్ బీన్ స్టాప్డ్".

కాబట్టి మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: నా తెలుగు వాక్యం చివర "-తాను, -తాడు, -తుంది" ఉందా, లేక "-ఏవాణ్ణి, -ఏవాడు, -ఏది" ఉందా? మొదటి రకమైతే అది జరిగే వీలున్న షరతు. అక్కడ "వుడ్" అవసరం రాదు. రెండో రకమైతే అది లేనిదాన్ని ఊహించడం. అక్కడ "వుడ్" గానీ దాని చుట్టాలైన "కుడ్, మైట్" గానీ రాకుండా కుదరదు. జీరో, ఫస్ట్, సెకండ్ అన్న నంబర్లు బోధించడానికి వీలుగా పెట్టుకున్నవే. భాషావేత్తలు రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ 2002లో తెచ్చిన కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు వ్యాకరణంలో ప్రధానమైన విభజన రెండుగానే ఉంది: ఓపెన్ (జరిగే వీలున్నది), రిమోట్ (ఊహ). మన చివరి క్రియ చెప్పేది సరిగ్గా ఆ రెంటినే.

రెండో ప్రశ్న ఊహ వాక్యాలకి మాత్రమే కావాలి: ఇది ఇప్పటి సంగతా, అయిపోయిన సంగతా? ఇక్కడ మాత్రం తెలుగు మనకి సాయం చేయదు. "డబ్బుంటే కారు కొనేవాణ్ణి" అన్నారనుకోండి. ఇప్పుడు చేతిలో డబ్బు లేదు అనొచ్చు, పోయిన దసరాకి డబ్బు లేక కొనలేదు అనొచ్చు. వినేవాడికి సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషు మాత్రం తేల్చి చెప్పమంటుంది. ఇప్పటి మాటైతే "ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ కార్". దసరా మాటైతే "ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హ్యావ్ బాట్ ఎ కార్". "హ్యాడ్" రెండుసార్లు వచ్చిందని కంగారు పడకండి, మొదటిది సహాయక క్రియ, రెండోది అసలు క్రియ.

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. "నువ్వు చెప్తే వచ్చేవాణ్ణి." చివర "-ఏవాణ్ణి" ఉంది, ఊహ. చెప్పకపోవడం, రాకపోవడం అయిపోయాయి, పాతది. కాబట్టి "ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హ్యావ్ కమ్." గైడు లెక్కలో ఇది థర్డ్ కండిషనల్, కానీ మాట్లాడేటప్పుడు ఆ నంబరు గుర్తుకు రానక్కర్లేదు.

ఇప్పటి ఊహకి పాస్ట్ టెన్స్ ఎందుకు అన్నది చాలామందిని తికమక పెడుతుంది. ఒక మాక్ ఇంటర్వ్యూలో జరిగింది చెప్తాను. ఫైనలియర్ కుర్రాణ్ణి ప్యానెల్లో ఒకాయన అడిగారు: "వాట్ వుడ్ యు డూ ఇఫ్ యువర్ టీమ్ లీడ్ రిజెక్టెడ్ యువర్ ఐడియా?" కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి "సర్, ఐ యామ్ ఎ ఫ్రెషర్, నో టీమ్ లీడ్ రిజెక్టెడ్ మై ఐడియా" అన్నాడు. వాడికి సబ్జెక్టు బాగా వచ్చు, ఇంగ్లీషులో తడుముకోడు. "రిజెక్టెడ్" వినగానే జరిగిపోయిన సంగతి అడుగుతున్నారనుకున్నాడు. అక్కడ ఆ "-ఎడ్" కాలాన్ని చెప్పదు, దూరాన్ని చెప్తుంది: ఇది నిజం కాదు, ఊహించుకోమంటున్నాను అని. ఇంగ్లీషులో వాస్తవం నుంచి ఒక అడుగు వెనక్కి జరగాలంటే టెన్స్‌ని ఒక మెట్టు వెనక్కి జరుపుతారు. ప్రెజెంట్ ఊహ అయితే పాస్ట్, పాస్ట్ ఊహ అయితే పాస్ట్ పర్ఫెక్ట్. మర్యాదగా అడిగేటప్పుడు "ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్" అంటారే, ఆ పాస్ట్ కూడా ఇలా వెనక్కి జరగడమే.

మనకీ ఇది కొత్తేమీ కాదు. "చిన్నప్పుడు రోజూ చెరువుకి వెళ్లేవాణ్ణి" అంటే పాత అలవాటు. "సెలవుంటే ఊరికి వెళ్లేవాణ్ణి" అంటే ఊహ. క్రియ ఒక్కటే. ఇంగ్లీషు "వుడ్" కూడా అచ్చం ఇలాగే రెండు పనులూ చేస్తుంది. "వెన్ ఐ వాజ్ ఎ బాయ్, ఐ వుడ్ గో టు ద ట్యాంక్ ఎవ్రీ డే" అంటే అలవాటు, "ఇఫ్ ఐ హ్యాడ్ లీవ్, ఐ వుడ్ గో హోమ్" అంటే ఊహ. "-ఏవాణ్ణి" ఉన్నచోట "వుడ్" పెట్టడం అలవాటు చేసుకోండి, సగం పని అయిపోయినట్టే.

గైడ్లు దాదాపుగా వదిలేసే రకం ఒకటుంది, పరీక్షల్లో తెలివైన పిల్లలు కూడా అక్కడే పడతారు. మీ అన్నయ్య ఉదయం హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరాల్సి ఉంది, బయల్దేరాడో లేదో మీకు తెలీదు. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. "ఆరింటికి బయల్దేరి ఉంటే ఈపాటికి విజయవాడ చేరి ఉంటాడు" అంటారు. ఇది అయిపోయిన సంగతే, కానీ ఊహాలోకం కాదు, నిజంగా చేరి ఉండొచ్చు. చివర "ఉంటాడు" ఉంది. కాబట్టి "ఇఫ్ హి లెఫ్ట్ ఎట్ సిక్స్, హి విల్ హ్యావ్ రీచ్డ్ విజయవాడ బై నౌ." ఇఫ్ తర్వాత పాస్ట్ ఉంది, రెండో సగంలో "విల్" ఉంది. నాలుగు రకాలే బట్టీ పట్టినవాడు దీన్ని తప్పు అని గుర్తించి మార్కు పోగొట్టుకుంటాడు. ఇది నూటికి నూరుపాళ్లు సరైన ఇంగ్లీషు.

అదే అన్నయ్య ఎనిమిదింటికి బయల్దేరాడని తెలిస్తే ఏమంటాం? "ఆరింటికి బయల్దేరి ఉంటే ఈపాటికి విజయవాడ చేరి ఉండేవాడు." "ఉంటాడు" పోయి "ఉండేవాడు" వచ్చింది. ఇంగ్లీషులో "ఇఫ్ హి హ్యాడ్ లెఫ్ట్ ఎట్ సిక్స్, హి వుడ్ హ్యావ్ రీచ్డ్ విజయవాడ బై నౌ." ఈ జంటని ఒక కాగితం మీద రాసుకుని మీ ఇంట్లోవాళ్ల పేర్లతో, మీ ఊళ్లతో పదిసార్లు మార్చి చెప్పండి. నా అనుభవంలో దీని అంత బాగా పనిచేసిన అభ్యాసం ఇంకోటి లేదు.

జీరో, ఫస్ట్ కండిషనల్స్ మీద ఎక్కువ సమయం పెట్టకండి. తెలుగులో రెంటికీ ఒకే క్రియ. "వర్షం వస్తే మా వీధి మునుగుతుంది" అనేది ఎప్పుడూ జరిగేదైతే "ఇఫ్ ఇట్ రెయిన్స్, అవర్ స్ట్రీట్ ఫ్లడ్స్", ఈ సాయంత్రం సంగతైతే "అవర్ స్ట్రీట్ విల్ ఫ్లడ్". ఎప్పుడూ అనే మాట ఇమిడితే జీరో, ఈసారి అనే మాట ఇమిడితే ఫస్ట్. ఇఫ్ సగంలో "విల్" పెట్టకూడదన్నది మీకు తెలిసిందే. "ఇఫ్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్" అనేది పరీక్ష పేపర్లకి చాలా ఇష్టమైన తప్పు. "వాడు వస్తాడు" వేరు, "వాడు వస్తే" వేరు, "వస్తే"లో భవిష్యత్తు గుర్తు లేదు కదా, అక్కడ "విల్" కూడా ఉండదు. "వెన్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్" తర్వాత భవిష్యత్తు గురించి చెప్పేటప్పుడూ ఇదే వర్తిస్తుంది, కాబట్టి అన్నీ కలిపి ఒకేసారి నేర్చుకోండి. దీనికి మినహాయింపు: "విల్" అంటే "మీకు ఇష్టమైతే, ఒప్పుకుంటే" అన్న అర్థం వచ్చేచోట. "ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్, ఐ విల్ కాల్ హిమ్" అని రిసెప్షన్లో వింటారు. అది తప్పు కాదు, మర్యాద.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన సంగతి. మన "-తే" ఇఫ్ పని, వెన్ పని రెండూ చేస్తుంది. "నాన్న ఇంటికొస్తే చెప్పు" అంటాం. నాన్న రావడంలో అనుమానమేం లేదు. దీన్ని "ఇఫ్ ఫాదర్ కమ్స్ హోమ్" అంటే నాన్న వస్తాడో రాడో అన్నట్టు ఉంటుంది. "వెన్" అనాలి. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ వీసా ఇంటర్వ్యూలో ఇదే మాట బరువైపోతుంది. అమెరికా స్టూడెంట్ వీసాకి వెళ్లినప్పుడు చదువయ్యాక ఏం చేస్తావని అడిగితే, "మాస్టర్స్ పూర్తయితే ఇండియాకి వచ్చేస్తాను" అన్న ఆలోచనని మనవాళ్లు "ఇఫ్ ఐ కంప్లీట్ మై మాస్టర్స్, ఐ విల్ రిటర్న్" అని చెప్పేస్తారు. అవతలివాళ్లకి వినిపించేదేంటంటే, పూర్తి చేస్తానో లేదో వీళ్లకే నమ్మకం లేదు అని. "వెన్ ఐ కంప్లీట్" లేదా "ఆఫ్టర్ కంప్లీటింగ్" అనాలి. మీ "-తే" వాక్యానికి ముందు "ఒకవేళ" కలిపి చూడండి. "ఒకవేళ మాస్టర్స్ పూర్తయితే" అనడం మీకే ఎబ్బెట్టుగా ఉందా? అయితే అది "వెన్".

పాత సంగతుల ఊహలకి నేను క్లాసులో క్రికెట్టే వాడతాను, అందరికీ గుర్తుంటుంది కాబట్టి. 2003 మార్చి 23, జొహానెస్‌బర్గ్, ప్రపంచకప్ ఫైనల్. గంగూలీ టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకున్నాడు. ఆస్ట్రేలియా 2 వికెట్లకి 359 కొట్టింది, మనవాళ్లు 234కి ఆలౌటయ్యారు. "గంగూలీ బ్యాటింగ్ తీసుకుని ఉంటే గెలిచేవాళ్లం" అని గట్టిగా నమ్మేవాడు "ఇఫ్ గంగూలీ హ్యాడ్ చోజన్ టు బ్యాట్, వుయ్ వుడ్ హ్యావ్ వన్" అంటాడు. "గెలిచేవాళ్లమేమో" అనేవాడు "వుయ్ మైట్ హ్యావ్ వన్" అంటాడు. "గెలవగలిగేవాళ్లం" అంటే "వుయ్ కుడ్ హ్యావ్ వన్". చూశారా, మన చివరి క్రియలో ఎంత నమ్మకం ఉందో దాన్ని బట్టి వుడ్, మైట్, కుడ్ మారిపోతున్నాయి. పరీక్ష రాసేవాళ్లు అన్నింటికీ "వుడ్" కొట్టేస్తారు, మాట్లాడేటప్పుడు ఈ మూడూ వాడితే మీ ఇంగ్లీషుకి ప్రాణం వస్తుంది.

టీవీలో కామెంటరీ వినేటప్పుడు ఒకటి గమనించండి. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ ఆటగాడు గప్తిల్ నేరుగా వికెట్లకి విసిరి ధోనీని రనౌట్ చేశాడు, మనం 18 పరుగుల తేడాతో ఓడిపోయాం. అలాంటి క్షణం గురించి ఆటగాళ్లు, కామెంటేటర్లు "ఇఫ్ దట్ త్రో మిసెస్, ధోనీ ఈజ్ సేఫ్" అని ప్రెజెంట్‌లోనే అనేస్తుంటారు. అర్థం మాత్రం "ఆ త్రో తగలకపోయి ఉంటే" అనే. ఆటల గురించి మాట్లాడేటప్పుడు ఇది బాగా వినిపిస్తుంది. విని అర్థం చేసుకోండి, పరీక్షలో మాత్రం రాయకండి. అమెరికా వాళ్ల మాటల్లో వినిపించే "ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్" సంగతీ అంతే. మాటల్లో చెల్లుతుంది, ఎర్రర్ స్పాటింగ్‌లో అది తప్పే, "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్" ఉండాలి. వినడంలో ఇంకో చిక్కు: "ఐ'డ్" అన్నది హ్యాడ్ కావచ్చు, వుడ్ కావచ్చు. "ఇఫ్ ఐ'డ్ నోన్, ఐ'డ్ హ్యావ్ కమ్" లో మొదటిది హ్యాడ్, రెండోది వుడ్. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌కి వెళ్లేవాళ్లు దీనికి చెవి అలవాటు చేసుకోవాలి.

మిక్స్‌డ్ కండిషనల్ అంటే భయపడతారు గానీ అందులో కొత్త రూలేమీ లేదు. రెండో ప్రశ్నని రెండు సగాలకీ విడివిడిగా వేసుకోవడమే. "ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని ఉంటే ఈపాటికి ఇంజినీర్‌గా ఉండేవాణ్ణి." ఎంపీసీ తీసుకోకపోవడం పాతది, ఇంజినీర్‌గా లేకపోవడం ఇప్పటిది. "ఇఫ్ ఐ హ్యాడ్ టేకెన్ ఎంపీసీ, ఐ వుడ్ బి యాన్ ఇంజినీర్ నౌ." తిరగేసి కూడా వస్తుంది: "నేను అంత మొహమాటస్తుణ్ణి కాకపోతే నిన్న అడిగేసేవాణ్ణి." మొహమాటం ఎప్పుడూ ఉన్నదే, అడగకపోవడం నిన్నటిది. "ఇఫ్ ఐ వర్ నాట్ సో షై, ఐ వుడ్ హ్యావ్ ఆస్క్‌డ్ యెస్టర్‌డే." ఇక్కడ "వర్" గురించి ఒక్క మాట. మాటల్లో "ఇఫ్ ఐ వాజ్" ఎంతోమంది అంటారు. పరీక్షలో, ఆఫీసు ఉత్తరంలో "ఇఫ్ ఐ వర్" రాయండి, ఎవరూ వేలెత్తి చూపరు.

"-తే" చుట్టూ ఉన్న చిన్న మాటలు మూడున్నాయి, వీటిలో తప్పులు ఎక్కువ. మొదటిది "అన్‌లెస్". తెలుగులో "-తే తప్ప, -తే గానీ". "నువ్వొస్తే తప్ప నేను వెళ్లను" అంటే "ఐ వోంట్ గో అన్‌లెస్ యు కమ్". మనవాళ్లు "నువ్వు రాకపోతే" నుంచి బయల్దేరి "అన్‌లెస్ యు డోంట్ కమ్" అంటారు, "లేకపోతే" రెండుసార్లు చెప్పినట్టు అవుతుంది. ఊహ వాక్యాల్లో అన్‌లెస్ జోలికి పోకండి. "వాడు సాయం చేయకపోయి ఉంటే ఫెయిలయ్యేవాణ్ణి" అనేదానికి "ఇఫ్ హి హ్యాడ్ నాట్ హెల్ప్‌డ్ మీ" అనే అనాలి.

రెండోది "ఇన్ కేస్". "వర్షం వస్తుందేమో, గొడుగు పట్టుకెళ్లు" అన్నచోట "టేక్ యాన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్". వర్షం రాకముందే గొడుగు చేతిలో ఉంటుంది. "వర్షం వస్తే గొడుగు పట్టుకెళ్లు" అంటే వచ్చాకే పట్టుకెళ్లడం, అది "ఇఫ్". ముందుజాగ్రత్త చెప్పే "-ఏమో" ఉన్నచోట ఇన్ కేస్ అని గుర్తు.

మూడోది అప్యర్థకం, "వచ్చినా, ఉన్నా, చెప్పినా". దీనికి ఇంగ్లీషులో రెండు మాటలు. "వర్షం వచ్చినా వెళ్తాను" ఇంకా జరగనిది, "ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్". "వర్షం వచ్చినా వెళ్లాను" జరిగిపోయింది, "ఈవెన్ దో ఇట్ రెయిన్డ్". మళ్లీ చివరి క్రియే తేల్చింది.

మాట్లాడేటప్పుడు దొర్లే రెండు అలవాట్లు కూడా మానుకోండి. "అంటే"ని మక్కికి మక్కి దించి "యు కమ్ మీన్స్ ఐ విల్ టెల్" అనడం, "సపోజ్ ఇఫ్ హి కమ్స్" అని రెండు షరతు మాటలు కలపడం. సపోజ్ చాలు, లేదా ఇఫ్ చాలు.

ఇక మీ ఎర్రర్ స్పాటింగ్. అక్కడ ఎక్కువగా దెబ్బ తీసేది ఇఫ్ కనిపించని ఇఫ్ వాక్యం. వాక్యం "హ్యాడ్, వర్, షుడ్" మాటల్లో ఒకదానితో మొదలై, చివర ప్రశ్నార్థకం లేకపోతే వెంటనే అనుమానించండి. "హ్యాడ్ ఐ నోన్ అబౌట్ హిజ్ ఇల్‌నెస్, ఐ విల్ విజిట్ హిమ్" అని ఇస్తారు. ముందు "హ్యాడ్ ఐ నోన్"ని "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్"గా విప్పండి. పాత ఊహ అని తెలిసిపోయింది, కాబట్టి "విల్ విజిట్" పోయి "వుడ్ హ్యావ్ విజిటెడ్" రావాలి. "వర్ ఐ ఇన్ యువర్ ప్లేస్" అంటే "నేనే నీ స్థానంలో ఉంటే". "షుడ్ యు హ్యావ్ ఎనీ క్వైరీస్, ప్లీజ్ కాల్ అజ్" అని బ్యాంకులు పంపే మెయిల్స్‌లో చూసే ఉంటారు. దీన్ని "మీకు సందేహాలు ఉండి తీరాలి" అని చదివేవాళ్లున్నారు. "ఒకవేళ ఏమైనా సందేహాలుంటే" అని దాని అర్థం. ఇది జరిగే వీలున్న షరతే కాబట్టి రెండో సగంలో ప్రెజెంట్, విల్, ఆజ్ఞ ఏవైనా రావచ్చు. నెగటివ్ వచ్చినప్పుడు "నాట్"ని సబ్జెక్టు తర్వాతే పెట్టాలి: "హ్యాడ్ ఇట్ నాట్ రెయిన్డ్" సరైనది, "హ్యాడంట్ ఇట్ రెయిన్డ్" అని షరతు వాక్యం మొదలుపెట్టకూడదు. పాత పేపర్లు తీసి ఇలాంటి ఇఫ్ లేని వాక్యాలు ఒక ఇరవై ఏరుకుని, ఒక్కోదాన్ని ముందు ఇఫ్‌తో విప్పి, ఆ తర్వాత తెలుగులోకి మార్చి చివర "-తుంది" వచ్చిందో "-ఏది" వచ్చిందో చూసుకుంటూ చేయండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ వాక్యం ఇక్కడ పెట్టండి, విప్పి చూపిస్తాను.